వాయిదా

ఓవెన్ కింది సొరుగులో దాచాను వాటిని,
రొట్టె కాల్చే రేకుల మధ్య.
పదకొండు కవర్లు.
ప్రతిదానికీ ఒక చిన్న కిటికీ,
అందులోంచి నా పేరు నన్నే చూస్తుండేది:
వెర్లీన్ టిబ్స్, టొలీడో, ఒహాయో.

విప్పకపోతే చదివినట్టు కాదు,
చదవకపోతే జరిగినట్టు కాదు.
బడి బస్సు నడుపుతాను నేను,
అద్దంలో వెనక ఏముందో చూడటమే నా ఉద్యోగం.
ఇంట్లో మాత్రం సెప్టెంబరు నుంచి
ఎటూ చూడలేదు.

ఒకడొచ్చాడు, మెరిసే బూట్లవాడు.
పన్నెండు వందల డాలర్లిస్తే ఇల్లు నీదే అన్నాడు.
ఇచ్చాను.
వీధి మలుపు దాకా మంచులో బూట్ల జాడ.
సాయంత్రం మళ్ళీ మంచు పడింది.

అందుకే లైబ్రరీ గోడ మీద
'ఇంటి సలహా ఉచితం' అని చూస్తే నవ్వొచ్చింది.
ఊరికే దొరికేది జలుబొక్కటే అనేది మా అమ్మ.

నేలమాళిగ గదిలో హీటర్ మొరాయిస్తోంది.
ఇద్దరం కోట్లు విప్పలేదు.
ఇల్డికో అట ఆవిడ పేరు, కళ్ళజోడు కాడకి టేపు చుట్టి ఉంది.
నా కథ అడగలేదు.
వెన్న రాసే కత్తి ఒకటి నా ముందు పెట్టి
"తారీఖు వరసన కొయ్యి" అంది.

మూడో కవరు దగ్గర చెయ్యి ఆగింది.
ఆవిడేమీ అనలేదు, స్టేప్లర్లో పిన్నులు నింపుకుంది.
ఏడోది బ్యాంకుది కానే కాదు,
కరెంటు వాళ్ళు ఎనిమిది డాలర్లు నాకే తిరిగి పంపారు.
ఐదు నెలలుగా నా డబ్బుకే భయపడ్డాను!
పదకొండోది షెరీఫ్ ఆఫీసుది.
ఫిబ్రవరి పందొమ్మిది, ఉదయం పదింటికి
వేలం.

తర్వాత ఒక ఫారం. మీ కష్టం వివరించండి.
నాలుగు గీతలు.

ఏ కష్టం?
ఇరవై రెండేళ్ళు చీకటితోనే లేచి స్టీరింగు పట్టిన కష్టమా?
వారానికి మూడు రోజులు
ఓటిస్ రక్తం యంత్రంలోంచి తిరిగొచ్చేదాకా
పక్కన కూర్చోడానికి
మధ్యాహ్నం ట్రిప్పు వదులుకున్నానే, అదా?
ట్రిప్పుతో సగం జీతం పోయింది.
ఆగస్టులో ఓటిస్ పోయాడు.
గీతలు దాటి మార్జిన్లోకి,
మార్జిన్ దాటి కాగితం వెనక్కి వెళ్ళింది నా రాత.

ఇల్డికో అంతా చదివింది.
మడిచి నా చేతిలోనే పెట్టింది.
"ఇది నీది. వాళ్ళకి రెండు తారీఖులు చాలు,
జీతం తగ్గినదొకటి, మళ్ళీ పెరిగినదొకటి."
ఒళ్ళు మండింది నాకు.
అర్థం కావడానికి బస్సులో రెండు వారాలు పట్టింది:
జప్తు కాకుండా ఆవిడ ముందుగా కాపాడింది
ఆ కాగితాన్నే.

యాభై నిమిషాలు ఫోన్లో పియానో.
ఆ తర్వాత ఎవరో పలికితే
బతిమాలలేదు, బెదిరించలేదు,
చాకలి పద్దు చదివినట్టు చదివింది నా బతుకుని.
ఫోను పెట్టేసి అంది, "వేలం వాయిదా."

వాయిదాలు తప్పే కదా ఇంత దాకా వచ్చింది!
ఇప్పుడు వేలమే వాయిదా పడింది.
మెడకు చుట్టుకున్నదీ ఆ మాటే,
ఊపిరి తీసుకోనిచ్చిందీ ఆ మాటే.

"గెలిచామనుకోకు," అంది.
మూడు నెలలు కొత్త లెక్క ప్రకారం కట్టాలి, ఒక్క రోజు దాటకూడదు.
కట్టలేకపోతే?
"అప్పుడు ఇల్లు పరువుగా వదిలే దారి వెతుకుదాం.
దానిక్కూడా ఈ గదికే రా."

అలవాటుగా పర్సు తెరిచాను. ఎంతివ్వాలి?
"ఆ కత్తి ఇచ్చెయ్," అంది,
"పైన ఎవరిదో పుట్టినరోజు, కేకు కొయ్యాలి."

ఇంటికొచ్చేసరికి
తలుపు సందులో పన్నెండోది.
చేతి తొడుగులైనా తియ్యకుండా
గుమ్మంలో నిలబడే
చించాను.